పొద్దున చచ్చి మధ్యాహ్నం బతికే మౌసు

జూలై 8, సోమవారం

నా మౌసును ఎవరో ముట్టుకున్నారు.

పొద్దున ప్రెస్సుకు వెళ్ళి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపితే బల్ల తగిలింది గానీ మౌసు తగల్లేదు. చూస్తే కీబోర్డుకు ఎడమ పక్కన ఉంది. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రోజు నుంచీ అది నాకు కుడి పక్కనే ఉంది. ఆదివారం సెలవు కదా అని తోక ఈడ్చుకుంటూ షికారుకు వెళ్ళిందనుకోవాలా? మా ప్రెస్సులో ఎడంచేతి వాటం మనిషి ఒక్కతే. మా తమ్ముడి పెళ్ళాం.

మధ్యాహ్నం భోజనం క్యారియర్ పట్టుకుని ఎప్పటిలాగే వచ్చింది. "శనివారం నేను వెళ్ళాక నా సీట్లో ఎవరైనా కూర్చున్నారా?" అని గోడనడిగినట్టు అడిగాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "దుమ్ముగా ఉంటే తుడిచాను వదినా" అంది. నా బల్ల మీద దుమ్మా! పెళ్ళయి ఏడాది తిరగలేదు, నా బల్ల మీద దుమ్ము కనబడింది మహారాణికి.

తుడవడానికి కూర్చోలేదు. కంప్యూటర్ కోర్సు చేసిన పిల్ల. నాన్న పోయాక ఈ ప్రెస్సులో అట్టపెట్టె గీసేది నేనొక్కదాన్నే. మందు సీసాకైనా, సబ్బు బిళ్ళకైనా, బల్బుకైనా, అట్టను ఎక్కడ కొయ్యాలి, ఎక్కడ మడవాలి, ఎక్కడ జిగురు రాయాలి, ఆ గీతలన్నీ నా చేతిలోంచి రావాలి. అవి కాస్తా తను నేర్చేసుకుంటే ఇక నాతో పనేముంది? మొగుడూ పిల్లలూ లేనిదాన్ని. తమ్ముడి మేడ మీద ఒక గది, ప్రెస్సులో ఒక కుర్చీ. గది వాడిది. కుర్చీ ఒక్కటే నాది. అది పోతే నేనేమిటి?

నా నెత్తి మీద బల్బు మసకగా వెలుగుతోంది. మార్చమని చెప్పాలి.

జూలై 9, మంగళవారం

సాయంత్రం మౌసు పీకి బ్యాగులో వేసుకుని ఇంటికి తెచ్చేశాను. ఇక రోజూ ఇంతే. ఇప్పుడు తుడుచుకోమను దుమ్ము.

జూలై 10, బుధవారం

ఇవాళ జరిగింది రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

పొద్దున కంప్యూటర్ బటన్ నొక్కాను. అది లేచి ఒళ్ళు విరుచుకునేలోపు నా పనులు నాకుంటాయి. బ్యాగు మేకుకు తగిలించాలి, నీళ్ళ సీసా నింపుకోవాలి, కళ్ళద్దాలు తుడుచుకోవాలి. (ఈ అద్దాలు ఎంత తుడిచినా మురికి వదలడం లేదు. షాపువాడు నాసిరకం అంటగట్టాడు.) అన్నీ అయ్యాక బ్యాగులోంచి మౌసు తీసి, కంప్యూటర్ వెనక్కి వంగి, తడుముకుంటూ దాని గుండ్రటి పిన్నును ఆకుపచ్చ రంధ్రంలో గుచ్చాను. బాణం కదల్లేదు. మౌసు కనిపించడం లేదని తెర మీద ఒక నోటీసు. నా గుప్పిట్లో ఉన్నది దానికి కనిపించడం లేదట!

తమ్ముడు వచ్చి చూశాడు. "అక్కా, పోయినవారం కొత్త సిస్టమ్ ఎక్కించాం కదా, అది ఈ పాతదాన్ని గుర్తుపట్టడం లేదేమో. కింద గోళీ ఉన్న మౌసు ఇంకా ఎవరు వాడుతున్నారు చెప్పు? ముసలిదైపోయింది. కొత్తది కొనేద్దాం."

ముసలిదైపోయింది అన్నది మౌసునో నన్నో. సిస్టమ్ ఎక్కించాక నిన్నటిదాకా చక్కగా గుర్తుపట్టింది కదరా, రాత్రికి రాత్రే మర్చిపోయిందా? "కొత్త మౌసు కొన్న రోజున కొత్త మనిషిని కూడా పెట్టుకో" అన్నాను. వాడు మిషన్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

నాకు తెలిసినవన్నీ చేశాను. అడుగున మూత తిప్పి గోళీ తీశాను, కడిగాను, ఆరబెట్టాను. లోపలి రోలర్లకు చుట్టుకున్న నల్లటి మురికి గోటితో గీకాను. పిన్నులు వంకరపోయాయేమో వేలితో తడిమి చూశాను, లేవు. కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేశాను. ఆపే ముందు మౌసు పీకేశాను లెండి, అసలే ఒంట్లో బాగోలేనిదానికి కరెంటు తగిలితే ఉన్న ప్రాణం కాస్తా పోతుంది. అంతా లేచి కుదుటపడ్డాక మళ్ళీ గుచ్చాను. ఊహూఁ. ఎన్నిసార్లు చేసినా ఊహూఁ.

మధ్యాహ్నం క్యారియర్ వచ్చింది. నాన్న పెట్టిన నియమం ప్రకారం భోజనానికి లేచేటప్పుడు నేనే మెయిన్ స్విచ్ ఆపాను. ఎప్పుడో మా చిన్నప్పుడు అందరూ తింటుండగా ఒక మోటారు తగలబడిందట, అప్పటి నుంచీ అంతే. తిని చెయ్యి కడుక్కున్నాక మెయిన్ వేసి, కంప్యూటర్ ఆన్ చేసి, నీళ్ళ సీసా నింపుకుని వచ్చి చూస్తే ఏముంది, బాణం చక్కగా తిరుగుతోంది! మౌసు నేను వదిలిన చోటే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

ఎవరూ ముట్టుకోలేదని నాకేం తెలుసు? నేను సీసా నింపుకోవడానికి పెరట్లోకి వెళ్ళాను. తను గిన్నెలు సర్దుతూ నా బల్ల పక్కనే ఉంది.

జూలై 11, గురువారం

పొద్దున చచ్చింది. మధ్యాహ్నం క్యారియర్ వచ్చింది. బతికింది.

బల్బు మార్చారు. కొత్తదీ అలాగే ఏడుస్తోంది. ఈ కాలం బల్బులే అంత.

జూలై 12, శుక్రవారం

మళ్ళీ అదే. ఇప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

నేను సాయంత్రం చీకటి పడకముందే ఇంటికి వచ్చేస్తున్నాను. ఇదివరకు ప్రెస్సు తలుపులు మూసేదాకా ఉండేదాన్ని గానీ, ఇప్పుడు రోడ్డు మీద బళ్ళు ఎక్కువయ్యాయి, లైట్లన్నీ కళ్ళలోకి కొడుతున్నాయి. నేను వచ్చాక వాళ్ళిద్దరూ అక్కడే ఉంటారు. అప్పుడు తను కంప్యూటర్ వెనక ఏదో చేసి పెడుతుంది. పొద్దున నా పని ఆగుతుంది. మధ్యాహ్నం వచ్చి, నేను అటు తిరగ్గానే మళ్ళీ సరిచేస్తుంది. పూర్తిగా ఎందుకు చెడగొట్టదూ అంటే, పని మొత్తం ఆగితే నష్టం తన మొగుడికే కదా. రోజులో సగం పూట నన్ను చేతకానిదానిలా నిలబెడితే తనకు చాలు. "అక్క పొద్దంతా మౌసుతో కుస్తీ పడుతోంది" అని వాడు అనుకోవాలి, అంతే.

పైగా ఎంత వినయం! "వదినా, ఇంకో ముద్ద పెట్టుకోండి." తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు. చూసుకుందాం.

జూలై 13, శనివారం

చెవులారా విన్నాను. అట్టలు పేర్చే గదిలో ఉన్నాను. బయట వాళ్ళిద్దరూ.

తమ్ముడు ఏదో అడిగాడు, సరిగ్గా వినబడలేదు. దానికి తను, "వదినకి మీరేం చెప్పకండి. ఆవిడ ఒప్పుకోరు. టైము చూసి నేనే తీసుకెళ్తాను" అంది.

ఎక్కడికి తీసుకెళ్తుంది? వృద్ధాశ్రమానికా? నాకింకా అరవై నిండలేదు!

అన్నం సగంలో లేచిపోయాను. "ఏమైంది వదినా?" అని వెనకే వచ్చింది. "నీ చేతి వంట నాకు పడటం లేదు" అన్నాను. మొహం చిన్నబోయింది. చిన్నబోనీ.

జూలై 14, ఆదివారం

ఎక్కడికీ వెళ్ళలేదు. మౌసు బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. దానికీ నాకూ మాటల్లేవు.

జూలై 15, సోమవారం

పరువు పోయింది.

పొద్దుటి నుంచి ఫోన్ చేయగా చేయగా కంప్యూటర్ మెకానిక్ తీరిగ్గా భోజనాలయ్యాక వచ్చాడు. డాక్టరు గడప తొక్కగానే జ్వరం దిగినట్టు, అప్పటికే మౌసు పరుగులు పెడుతోంది. "ఏదీ మేడమ్ ప్రాబ్లమ్?" అంటాడు. "పొద్దున పనిచేయదయ్యా" అన్నాను. "పొద్దున పనిచేయదు, మధ్యాహ్నం పనిచేస్తుంది. మా ఆవిడ చెప్పేది కూడా నా గురించి ఇదే మేడమ్" అని నవ్వాడు. తమ్ముడు నవ్వాడు. కటింగ్ మిషన్ దగ్గర బ్లేడు బాబాయ్ కూడా నవ్వాడు, నాన్న హయాం నుంచి ఉన్న మనిషి, ఆయన కూడా! తను మాత్రం నవ్వలేదు. నవ్వితే దొరికిపోతుంది కదా.

జూలై 16, మంగళవారం

సిరప్ కంపెనీ కొత్త ఆర్డరు. సీసా ఇంకా తయారై రాలేదట, కొలతలు మాత్రం కాగితం మీద రాసి పంపారు. అర్జంటు. ఏం దస్తూరీ అండీ అది! కాకి కాలు సిరాలో ముంచి నడిపించినట్టుంది. మూడుకూ ఎనిమిదికీ తేడా లేదు. దీపం కిందికి తీసుకెళ్ళి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, మొత్తానికి చదివాను. అడిగితే ఏమవుతుంది అనిపించింది గానీ, ఎవర్ని అడగాలి? తమ్ముడు పక్కన లేడు. తను ఉంది. తనను అడుగుతానా?

పొద్దంతా మౌసు చచ్చి ఉంది కాబట్టి పనంతా భోజనాల తర్వాత మీద పడింది. గీతలు గబగబా లాగి సాయంత్రానికి ఇచ్చేశాను.

తెల్లపెట్టె మడవలేదు. నాన్న ఉంటే ఊరుకునేవాడు కాదు. రంగు పడకముందు ఉత్త తెల్ల అట్ట మీద ఒక పెట్టె కోసి, మడిచి, కొలబద్ద పెట్టి చూసుకుంటేనే పని బయటికి వెళ్ళాలి అనేవాడు. నేనూ ఎన్నేళ్ళు మడిచానో. ఈ మధ్య మానేశాను. ఇంత అనుభవం వచ్చాక ఇంకా అట్ట దండగ చేయడమెందుకు? అదీగాక తెల్ల అట్ట మీద మడత గీత సన్నగా ఉండి చావదు, ఆ బల్బు కింద అసలే కనబడదు.

సిరప్ పెట్టె నాకు కొత్తేమీ కాదు.

జూలై 17, బుధవారం

వల పన్నాను. సాయంత్రం వచ్చేటప్పుడు కంప్యూటర్ వెనక ఆకుపచ్చ రంధ్రానికి అడ్డంగా నల్ల దారం అంటించాను, అటూ ఇటూ చిన్న టేపు ముక్కలతో. రేపు తెగి ఉంటే దొంగ దొరికినట్టే.

జూలై 18, గురువారం

దారం తెగలేదు. టేపు ఊడలేదు. నేను ఎలా అంటించానో అలాగే ఉంది.

దారం తీసి, మౌసు గుచ్చాను. చచ్చింది.

అంటే తను దారం విప్పి, పని కానిచ్చి, మళ్ళీ అచ్చు అలాగే అంటించింది. ఎంత ఓపిక! ఇలాంటి మనిషితోనా నేను ఒకే ఇంట్లో ఉండేది?

జూలై 20, శనివారం

సిరప్ పెట్టెలు అచ్చయ్యాయి, కోత అయింది, అంటింపు అయింది. లారీ ఎక్కాయి. రంగు బాగా కుదిరిందని తమ్ముడు మురిసిపోతున్నాడు.

జూలై 22, సోమవారం

ఇవాళ్టిది రాయాలని లేదు, అయినా రాస్తాను.

భోజనాల వేళకు సిరప్ కంపెనీ మేనేజరు స్వయంగా వచ్చాడు. ఒక చేతిలో సీసా, ఒక చేతిలో మన పెట్టె. సీసాను పెట్టెలో దించాడు. సీసా భుజం దగ్గర ఆగిపోయింది. ఇంకాస్త నొక్కాడు. పెట్టె పక్క పరపరమని చిరిగింది. చిరిగిన పెట్టెను మా తమ్ముడి చేతిలో పెట్టి, "మొత్తం సరుకు ఇంతే బాబూ. మేం రాసింది యాభై ఎనిమిది మిల్లీమీటర్లు, మీరు కోసింది యాభై మూడు" అన్నాడు.

తమ్ముడు నా వైపు చూశాడు. ఆ చూపు నేను జన్మలో మర్చిపోను. కోపం అయితే తట్టుకునేదాన్ని.

"దస్తూరీ అలా ఉంటే ఎవరు మాత్రం" అని మొదలుపెట్టాను. వాడు కాగితం తెచ్చాడు. "ఇది ఎనిమిదే అక్కా. గుడ్డివాడికైనా ఎనిమిదే" అన్నాడు.

అప్పుడు నాకు పిచ్చి కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నదంతా బయటికి తన్నుకొచ్చింది. "నా పని ఎలా సాగుతుందిరా? రోజూ పొద్దున నా మౌసు చంపేసేది నీ పెళ్ళామే! నేను వెళ్ళాక నా సీట్లో కూర్చుంటోంది! నా ఫైళ్ళు కెలుకుతోంది! ఈ యాభై మూడు కూడా తనే మార్చి ఉంటుంది, నన్ను ఇక్కడి నుంచి వెళ్ళగొట్టడానికి!" అని అరిచాను. మేనేజరు ముందే. మిషన్లన్నీ ఆగిపోయాయి.

తమ్ముడు పళ్ళ మధ్య నుంచి, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది అక్కా నీ సంగతి" అన్నాడు.

తను క్యారియర్ బల్ల మీద పెట్టింది. నా వైపు చూసింది. ఒక్క మాట అంటుందేమో, "నేను కాదు" అంటుందేమో అని చూశాను. అనలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుని బయటికి వెళ్ళిపోయింది.

తప్పు చేయనిదైతే ఎందుకు నోరు విప్పలేదు?

జూలై 23, మంగళవారం

మెకానిక్‌ను ఇవాళ పొద్దున్నే పట్టుకొచ్చాడు తమ్ముడు. నాతో మాట్లాడటం లేదు. మెకానిక్‌తోనే, "మా అక్క రోజూ ఏం చేస్తుందో మొత్తం చూడండి" అన్నాడు. పరీక్ష రాసే పిల్లలా ఇద్దరి మధ్యా చేశాను. బటన్ నొక్కాను. బ్యాగు తగిలించాను. నీళ్ళు పట్టుకొచ్చాను. అద్దాలు తుడుచుకున్నాను. మౌసు తీసి వెనక గుచ్చాను. చచ్చింది. "చూశారా!" అన్నాను.

మెకానిక్ నన్ను వింతగా చూశాడు. "మేడమ్, రోజూ ఇలా ఆన్ చేశాకే తగిలిస్తారా?"

"అవును."

"రాత్రి పీకి తీసుకెళ్తారా?"

"అవును. ఏం?"

"ఇది పాతకాలం గుండ్రటి పిన్ను మేడమ్. కంప్యూటర్ లేచేటప్పుడు ఒక్కసారే హాజరు పిలుస్తుంది. అప్పుడు మౌసు పలకాలి. లేటుగా వస్తే ఇక ఆపి మళ్ళీ లేపేదాకా లేనట్టే లెక్క. ఇప్పటి మౌసులు వేరు, ఎప్పుడు గుచ్చినా పలుకుతాయి. దీన్ని ముందు గుచ్చి తర్వాత ఆన్ చెయ్యాలి. నడుస్తుండగా గుచ్చి పీకితే ఆ రంధ్రమే కాలిపోవచ్చు, మీ అదృష్టం బాగుంది."

"మరి ఇన్నేళ్ళూ పనిచేసింది కదా?"

"ఇన్నేళ్ళూ మీరు పీకలేదు కదా మేడమ్."

కంప్యూటర్ ఆపాడు. మౌసు గుచ్చే ఉంచాడు. ఆన్ చేశాడు. బాణం వచ్చింది. పొద్దున, క్యారియర్ రాకముందే, బాణం వచ్చింది. మధ్యాహ్నం బతికించేది మెయిన్ స్విచ్. ఆ స్విచ్ వేసేది నేను. పొద్దున చంపేదీ నేనే. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు, ఆ ఎలుక ఇన్నాళ్ళూ నా బ్యాగులోనే ఉంది.

అయినా నా బుద్ధి ఊరుకుందా? ఊరుకోలేదు. మౌసు సంగతి సరే, మరి నా సీట్లో ఎందుకు కూర్చుంది? ఆ రోజు దుమ్ము తుడిచానని అబద్ధం ఎందుకు చెప్పింది? ఇదే బ్లేడు బాబాయ్ దగ్గర అన్నాను. ఆయన కటింగ్ మిషన్ ఆపి, చేతులు తుడుచుకుని, నన్ను స్టూలు మీద కూర్చోమన్నాడు.

"అమ్మాయ్, నీకు చెప్పొద్దని ఆ పిల్ల నా దగ్గర ఒట్టేయించుకుంది. కానీ నిన్న నువ్వు అన్న మాటలు విన్నాక ఇక దాచలేను. నువ్వు వెళ్ళాక రోజూ నా దగ్గరికి వచ్చి, 'బాబాయ్, వదిన గీసింది ఒక తెల్లపెట్టె కోసివ్వు' అనేది. కోసిచ్చేవాణ్ణి. మడిచి, కొలిచి చూసేది. ఎక్కడైనా తేడా ఉంటే నీ కంప్యూటర్ ముందు కూర్చుని ఆ గీత దిద్దేది."

"తేడాలా? నా గీతల్లోనా?"

"సబ్బుపెట్టె మూత గుర్తుందా? బల్బుపెట్టె అడుగు? అవన్నీ తను దిద్దాకే అసలు కోతకు వచ్చాయమ్మా. మీ తమ్ముడు పైన లెక్కలు చూసుకుంటుంటాడు, వాడికి కూడా తెలీదు."

"మరి సిరప్‌ది ఎందుకు దిద్దలేదు?"

"మౌసు లేదంది" అన్నాడు బాబాయ్.

జూలై 24, బుధవారం

ఇవాళ క్యారియర్ రాలేదు. తమ్ముడు ఎక్కడి నుంచో పొట్లాలు తెప్పించాడు. నాకు ముద్ద దిగలేదు. పని మధ్యలో వదిలేసి ఇంటికి వచ్చాను.

కింద వాటాలో తను మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. నన్ను చూసి లేచింది. కూర్చోమన్నాను. తను కూర్చోలేదు, నేనూ కూర్చోలేదు. ఇద్దరం నిలబడే మాట్లాడుకున్నాం.

"నాకు ఎందుకు చెప్పలేదు?" అన్నాను. చెప్పాలనుకున్న మాట అది కాదు. నోట్లోంచి అదే వచ్చింది.

"ఏమని చెప్పను వదినా? మీ పనిలో తప్పులు పడుతున్నాయంటే మీరు నన్ను బతకనిచ్చేవారా?"

నిజమే. బతకనిచ్చేదాన్ని కాదు.

"మీ ఆయనకైనా చెప్పొచ్చు కదా."

"చెప్తే ఆయన మిమ్మల్ని కుర్చీలోంచి లేపేసేవారు. ఆయనకి పని ముఖ్యం. మీకు సరిగ్గా కనబడటం లేదని అనుమానంగా ఉంది, కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానని మాత్రం చెప్పాను. మీకు తెలీకుండా దిద్దుతూ ఉందాం, ఈలోపు ఎలాగో ఒకలా ఒప్పిద్దాం అనుకున్నాను. తర్వాత మీరు మౌసు ఇంటికి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. నేను ముట్టుకోవడం మీకు ఇష్టం లేదని అర్థమైంది. కొత్తది తెచ్చి పెడితే మీరు ఇంకా బాధపడతారు కదా. అందుకే మానేశాను. ఆ ఒక్క రోజు అడిగి ఉండాల్సింది వదినా. ఆ కాగితం కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పుతున్నారు, నేను చూశాను. 'ఇవ్వండి, నేను చదువుతా' అనాల్సింది. భయమేసి అనలేదు."

నా మీద పడాల్సిన తప్పులో కూడా తను వాటా తీసుకుంటోంది. ఏడుపొచ్చింది. నిలబడి ఏడ్చాను, చిన్నపిల్లలా.

"నా కుర్చీ కావాలా నీకు?" అని అడిగేశాను. ఇన్నాళ్ళూ అడగాలనుకున్నది ఇదే.

తను తలవంచుకుంది. "ఎప్పటికైనా కావాలి వదినా. అబద్ధం ఎందుకు చెప్పను? పెళ్ళయిన కొత్తలో మీరు ఉత్త అట్టముక్క తీసుకుని, జిగురు లేకుండా పెట్టె మడిచి నా చేతిలో పెట్టారు. అప్పటి నుంచీ ఆ పని నేర్చుకోవాలని ఉంది. కానీ మీరు లేచి వెళ్ళిపోతే అది నాకు ఎవరు నేర్పుతారు?"

అంటే నా అనుమానం సగం నిజమే! అనుమానం నిజమైనందుకు ఇంత సంతోషించిన మనిషి ఇంకొకరు ఉండరు.

జూలై 26, శుక్రవారం

తనే తీసుకెళ్ళింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. కుడికంట్లో బాగా ముదిరిందట. "ఇన్నాళ్ళు ఎలా పనిచేశారమ్మా?" అన్నాడు డాక్టరు. బల్బులు మార్చుకుంటూ, అన్నాను. వచ్చే వారం ఆపరేషన్, ముందు కుడికన్ను.

తమ్ముడు సాయంత్రం పైకి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "గుడ్డివాడికైనా అని అన్నాను కదా అక్కా" అన్నాడు. "పోరా, అన్నది నిజమేగా" అన్నాను. సిరప్ పెట్టెలు మళ్ళీ చేసి ఇవ్వడానికి మేనేజరును ఒప్పించాడట.

జూలై 29, సోమవారం

కొత్త సిరప్ పెట్టె. తను కొలతలు చదివింది, నేను గీశాను. చదివిన ప్రతి అంకెకూ "నిజంగానా?" అని రెండోసారి అడిగాను. విసుక్కోకుండా రెండోసారీ చదివింది. అలవాటు ఒక్క రోజులో పోతుందా!

సాయంత్రం బ్యాగు తీసుకుని లేచాను. మౌసు మీదికి చెయ్యి దానంతట అదే వెళ్ళింది. పీకలేదు. పట్టుకుని కీబోర్డుకు ఎడమ పక్కన పెట్టి వచ్చేశాను.

జూలై 30, మంగళవారం

మౌసు కుడి పక్కన ఉంది.

నాకోసం మళ్ళీ ఇటు జరిపి పెట్టి వెళ్ళింది. దాని పక్కన ఒక తెల్లపెట్టె. కంప్యూటర్ ఆన్ చేస్తే బాణం నా కళ్ళద్దాల పని కూడా అవ్వకముందే లేచి కూర్చుంది.

తెల్లపెట్టె చేతిలోకి తీసుకున్నాను. చూస్తే అంతా తెలుపే, ఏమీ కనబడలేదు. కళ్ళు మూసుకుని అంచుల వెంట బొటనవేలు పోనిచ్చాను. నాలుగు పక్కలూ సరిగ్గా ఉన్నాయి. మూత దగ్గర మాత్రం ఒక మడత వెంట్రుకవాసి పక్కకు జరిగింది. ఎడంచేత్తో మడిస్తే అక్కడ అలాగే జరుగుతుంది, పట్టు మార్చుకోవాలి.

మధ్యాహ్నం వస్తుందిగా, నేర్పుతాను.